థెరపిస్ట్ మీద అలిగితే మానేయాలా, ఆ మాట ఆవిడకే చెప్పాలా?

ప్రశ్న అడిగినవారు రాయగడ నుంచి రాశారు. వయసు 29, స్కూల్లో పాఠాలు చెబుతారు. అయిదు నెలలుగా భువనేశ్వర్‌లో ఉండే ఒక థెరపిస్ట్‌తో వారానికోసారి వీడియోలో మాట్లాడుతున్నారు. సెషన్‌కి 900 రూపాయలు. ఆవిడకు తెలుగు రాదు, ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడుకుంటారు. "ఆవిడ సలహా ఏమీ ఇవ్వరు. నేను ఆగితే ఆవిడా ఆగిపోతారు. మధ్యలో రెండు వారాలు సెలవు పెట్టారు, తిరిగొచ్చాక నాకు అసలు మాట్లాడాలనిపించలేదు. బస్సెక్కాలంటే గుండెదడ వచ్చే నా స్నేహితురాలికి 8 సెషన్ల సీబీటీతో (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే థెరపీ) నయమైపోయింది. నేను ఇంకా ఏడుస్తూనే ఉన్నాను. చెప్పకుండా మానేద్దామనుకుంటున్నా. ఇది అసలు వైద్యమేనా?" ఇదీ ప్రశ్న.

అమ్మా, నేను బరంపురంలో 24 ఏళ్లుగా థెరపిస్ట్ పనే చేస్తున్నాను. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, రెండూ కలిపి మాట్లాడేవాళ్లు, అందరూ వస్తారు. ముందు జవాబు చెప్పేసి, ఎందుకో తర్వాత చెబుతాను. ఇది వైద్యమే. మానేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ చెప్పకుండా మాత్రం మానేయకండి. మీకు ఆవిడ మీద వచ్చిన కోపం ఉంది చూశారూ, ఈ తరహా థెరపీలో అసలు పని అక్కడే మొదలవుతుంది.

మీ ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది. "మా నాన్నకు కోపమొస్తే నెలల తరబడి మాట్లాడేవారు కాదు, అన్నం దగ్గర ఏం కావాలన్నా అమ్మచేతే చెప్పించేవారు, అది వేరే సంగతి అనుకోండి." వేరే సంగతని మీరే కొట్టేశారు. నా కళ్లు మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాయి. నేను మీ సెషన్లో లేను కాబట్టి ఇది దూరం నుంచి చేసే ఊహ మాత్రమే, మీకు సరిపోకపోతే పక్కన పెట్టేయండి. ఆవిడ మౌనంగా ఉంటే మీకు ఒళ్లు మండుతోంది. ఆవిడ రెండు వారాలు కనబడకపోతే, వచ్చాక మీరు మాట్లాడటం మానేశారు. ఇప్పుడు ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లిపోదామనుకుంటున్నారు. మీరు పెరిగిన ఇంట్లో మాట్లాడకపోవడం అంటే శిక్ష. ఆ శిక్ష పడ్డవాళ్లకు ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాన్ని ఎదుటివాళ్లకు ఎలా వేయాలో కూడా మీరు ఆ ఇంట్లోనే నేర్చుకున్నారేమో.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటాం కదా. మాట్లాడించి మనసు లోపలిది బయటకు తెచ్చే మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ దీనికి ట్రాన్స్‌ఫరెన్స్ అని పేరు పెట్టాడు. సామెత కోపం గురించే చెబుతుంది, ఆయన చెప్పింది ఇంకా విశాలం. ప్రేమ, భయం, నమ్మకం, నన్నెవరూ పట్టించుకోరన్న దిగులు, చిన్నప్పుడు మొదటి మనుషుల దగ్గర నేర్చుకున్నవన్నీ తర్వాత వచ్చే మనుషుల దగ్గరికి మోసుకెళతాం. భర్త దగ్గరికి, హెడ్‌మాస్టర్ దగ్గరికి, అత్తగారి దగ్గరికి. దుత్తకు నోరు లేదు. హెడ్‌మాస్టర్‌కు మన కోపం చూపిస్తే ఆయనా తిరిగి కోప్పడతాడు. థెరపిస్ట్ ఒక్కరే "ఈ కోపం ఎక్కడి నుంచి వస్తోందో ఇద్దరం కలిసి చూద్దామా" అని అడగగలరు. అలా అడగడానికే ఆవిడ శిక్షణ తీసుకున్నారు. అయితే మీరు ఆ కోపాన్ని బయటపెడితేనే ఆవిడ అడగగలరు.

ఫ్రాయిడ్ కూడా ఈ పాఠం దెబ్బతిని నేర్చుకున్నవాడే. 1900లో వియన్నాలో ఆయన దగ్గరికి 18 ఏళ్ల అమ్మాయిని తండ్రి తీసుకొచ్చాడు. ఆయన రాతల్లో ఆమె పేరు డోరా, అది అసలు పేరు కాదు. తండ్రి స్నేహితుడు తనతో తప్పుగా ప్రవర్తించాడని ఆమె చెబితే ఇంట్లో కొట్టిపారేశారు. ఫ్రాయిడ్ అది నిజమేనని నమ్మాడు, కానీ ఆమెకే లోలోపల ఆ మనిషంటే ఇష్టముందని వాదించాడు. 11 వారాలయ్యాక, డిసెంబరు 31న, ఇవాళే ఆఖరు అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఎప్పుడు అనుకున్నావని అడిగితే, పదిహేను రోజుల క్రితం అంది. ఆ పదిహేను రోజులూ లోపల నిర్ణయం పెట్టుకునే వచ్చింది, మాట్లాడింది, వెళ్లింది. 1905లో ఆ కేసు ప్రచురించినప్పుడు, ట్రాన్స్‌ఫరెన్స్‌ను సమయానికి పట్టుకోలేకపోయానని ఫ్రాయిడే ఒప్పుకున్నాడు. ఆమె కలలకు అర్థాలు వెతకడంలో పడి, ఎదురుగా ఉన్న తన మీద ఆమెకు ఏమనిపిస్తోందో అడగలేదు. మీరు చెప్పకుండా మానేద్దామనుకుంటున్నా అని రాయగానే నాకు గుర్తొచ్చింది ఆ అమ్మాయే.

ఇక మీ థెరపిస్ట్ పద్ధతి. మీరు రాసినదాన్ని బట్టి అది మనోవిశ్లేషణ నుంచి వచ్చిన రిలేషనల్ తరహాలా ఉంది. పాత పద్ధతిలో డాక్టరు అద్దంలా ఉండాలి, తన గురించి ఏమీ కనబడనివ్వకూడదని 1912లో ఫ్రాయిడ్ రాశాడు. పేషెంట్ మనసు లోపల ఏముందో బయట నుంచి చూసి చెప్పడమే పని. బుడాపెస్ట్‌కు చెందిన ఫెరెంజీ, ఫ్రాయిడ్‌కు చాలా దగ్గరివాడు, దీని మీద ఎదురుతిరిగాడు. 1932లో వీస్‌బాడెన్ సభలో ఆయన చదివిన పత్రం నేను కొత్తవాళ్లకు తప్పకుండా చెబుతాను. డాక్టరు పైకి మర్యాదగా ఉంటూ లోపల విసుక్కుంటే పేషెంట్‌కు అది తెలిసిపోతుందని, చిన్నప్పుడు పెద్దవాళ్లు చేసిన గాయమే మళ్లీ జరిగినట్టవుతుందని ఆయన అన్నాడు. డాక్టరు తన తప్పు ఒప్పుకున్నప్పుడు పేషెంట్‌కు నమ్మకం పెరిగిందనీ చెప్పాడు. ఫ్రాయిడ్‌కు అది నచ్చలేదు. మరుసటి ఏడాదే ఫెరెంజీ చనిపోయాడు, ఆ ఆలోచనలు చాలాకాలం మూలనపడ్డాయి. 1983లో అమెరికాలో జే గ్రీన్‌బర్గ్, స్టీఫెన్ మిచెల్ కలిసి రాసిన పుస్తకం వల్ల రిలేషనల్ అన్న మాట వాడుకలోకి వచ్చింది. ఆ గదిలో మనసులు రెండు ఉంటాయి, వాటి మధ్య జరిగేదే వైద్యానికి ముడిసరుకు అన్నది ఈ తరహా సారం.

ఇదేదో మన వైపు అడుగుపెట్టని విద్య కూడా కాదు. బరంపురం స్టేషన్లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగే కలకత్తాలోనే 1922లో గిరీంద్రశేఖర్ బోస్ ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టారు. ఫ్రాయిడ్‌తో ఆయనకు ఉత్తరాలే గానీ ఒక్కసారీ కలవలేదు. ఉత్తరాల్లోనే ఆయనతో విభేదించారు కూడా.

సిద్ధాంతం చెబితే పొడిగా ఉంటుంది. నా సొంత తప్పు ఒకటి చెబుతాను. మనిషిని గుర్తుపట్టే వీలులేకుండా వివరాలు మార్చాను.

నేను ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు. సముద్రం వైపు ఊరి నుంచి ఒక ఒడియా ఆవిడ వచ్చేది, వయసు నలభై దాటింది. తండ్రి సూరత్ మిల్లుల్లో పనికి వెళ్లి, ఆవిడ చిన్నతనమంతా అక్కడే ఉండిపోయాడు. గంజాం జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఏ వీధిలో చూసినా ఉంటాయి. ఏడాదికోసారి వచ్చి, పదిహేను రోజులుండి, పిల్ల అలవాటు పడేసరికి వెళ్లిపోయేవాడు. ఒకరోజు ఆవిడ "బాపాంక ఉపరే మోర అభిమాన" అంది. నేను ఒడియా మీడియంలోనే చదివాను, ఆ రోజు ఒడియాలోనే మాట్లాడుతున్నాను. అయినా ఆ ఒక్క మాట నా చెవిలో తెలుగులో పడింది. నాన్నంటే అభిమానం. అంటే ఇష్టం, గౌరవం. "అవును, అంత దూరంలో ఉన్నా మీకోసమే కదా కష్టపడ్డారు" అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత చీర కొంగు చివర ముడి వేసింది, విప్పింది, మళ్లీ వేసింది. ఆ తర్వాత మూడు వారాలు కూతురి ట్యూషన్ గురించి, వర్షాల గురించి, బియ్యం ధర గురించి మాత్రమే మాట్లాడింది.

ఒడియాలో అభిమాన అంటే వేరు. మన అనుకున్నవాళ్లు మనల్ని పట్టించుకోనప్పుడు కోపం, ఏడుపు, ప్రేమ కలిసి గొంతులో అడ్డంపడే ముద్ద అది. మన అలక దానికి దగ్గరే, కానీ అలకలో కాస్త ముచ్చట కూడా ఉంది, పెళ్లికొడుకు అలకపాన్పు ఎక్కుతాడు కదా. వాళ్ల అభిమానలో గాయం పాలు ఎక్కువ. రాగ అన్న మాటా అంతే, మనకు పాట, వాళ్లకు కోపం. ఇవి నాకు తెలియని మాటలు కావు, పుట్టినప్పటి నుంచి వింటున్నవే. తెలిసీ ఎందుకు వినలేకపోయానన్నది మా సీనియర్ దగ్గర కూర్చుని మాట్లాడాక గానీ తేలలేదు. మా నాన్న కూడా పట్టుచీరల మూటతో ఊళ్లు తిరిగేవారు. ఆయన మీద నాకున్న కోపాన్ని నేనెప్పుడూ కోపమని అనుకోలేదు, అభిమానమనే అనుకున్నాను. ఆవిడ కోపం వినాలంటే నాది కూడా వినాల్సి వచ్చేది. అందుకే చెవి మూసుకుంది.

మా వైపు నుంచి జరిగే దీన్ని కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. ఒకప్పుడు ఇది థెరపిస్ట్ లోపమనీ, దాచుకుని సరిచేసుకోవాలనీ అనుకునేవారు. 1950లో పౌలా హైమన్ అనే ఆవిడ, థెరపిస్ట్‌లో కలిగే భావాలు పేషెంట్‌ను అర్థం చేసుకునే సాధనం కూడా అవుతాయని రాశారు. నా అనుభవంలో ఆ రెండూ నిజమే.

నాలుగో వారం నేనే ఎత్తాను. "ఆ రోజు మీరు అభిమాన అన్నారు. నేను వేరేగా విన్నాను. మీరు మీ నొప్పి చెబుతుంటే నేను మీ నాన్నగారిని వెనకేసుకొచ్చాను. తప్పు నాది." ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడే వినిపిస్తోంది. చివరికి "మా అమ్మ కూడా అదే అనేది" అంది. "నీకోసమే కదా కష్టపడుతున్నాడు, ఏడవకు అని." ఇంకాసేపాగి, "నాతో తప్పు నాది అని ఇంతవరకూ ఎవరూ అనలేదు" అంది. ఆ తర్వాత రెండేళ్లు వచ్చింది. ఆ రెండేళ్లలో నేను చెప్పిన గొప్ప మాటలేవీ ఆవిడకు గుర్తుండవు, నాకూ లేవు. ఆ రోజు మాత్రం ఇద్దరికీ గుర్తుంది. మేము విరిగి మళ్లీ అతుక్కోవడం అంటాం దీన్ని.

పసిపిల్లల దగ్గర ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తల్లులతో ఒక ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి మొహం రాయిలా పెట్టేస్తుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది. ఏమీ పనిచేయకపోతే మొహం తిప్పేసుకుంటుంది. రెండు మూడు నిమిషాల్లోనే ఇదంతా. ఆయన పరిశోధనల్లో తేలిన ఇంకో మాట నాకు చాలా ధైర్యమిచ్చింది. మామూలుగా ఆడుకునేటప్పుడు కూడా తల్లీబిడ్డల తాళం కలిసేది సుమారు 30 శాతం సమయమేనట. మిగతాదంతా తప్పడం, మళ్లీ కలుపుకోవడం. మీ ఇంట్లో తప్పిన తాళం నెలల తరబడి అలాగే ఉండిపోయింది. మళ్లీ కలుపుకోవచ్చన్న సంగతి మీకు ఎవరూ చూపించలేదు. తెర మీద ఆవిడ మౌనంగా ఉన్నప్పుడు, అందులోనూ వీడియోలో మొహం తప్ప ఏమీ కనబడదు కాబట్టి, మీకు ఆ రాతి మొహమే కనిపిస్తోందేమో. నిజానికి ఆవిడ ఆలోచిస్తున్నారో, మీకు చోటిస్తున్నారో, తోచక ఆగారో నాకు తెలీదు. మీకూ తెలీదు. అడిగితేనే తెలుస్తుంది.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదని మనం అంటూనే ఉంటాం. కానీ మాటలు బందైన ఇంట్లో పెరిగినవాళ్లకు అడగడమంటేనే భయం. అడగకుండానే ఎదుటివాళ్లు గ్రహించాలని ఎదురుచూస్తారు, గ్రహించకపోతే నొచ్చుకుంటారు. ఇది స్వభావం కాదమ్మా, అలవాటు. ఈ అలవాటును మార్చుకోవడానికి 900 రూపాయలిచ్చి మీరు తీసుకున్న చోటు అది.

భాష గురించి ఒక మాట చెప్పాలి. డాబా మీద కూర్చుని ఒడియాలో మాట్లాడతాను, అమ్మది పార్వతీపురం, ఆవిడకు ఒడియా అంతగా రాదు కాబట్టి ఇబ్బంది లేదు అని రాశారు. ఏకాంతం కోసమని మీరు చేసింది తెలివైన పనే. మన ఇళ్లలో గోడలకు నిజంగానే చెవులుంటాయి. కానీ అలా మాట్లాడేటప్పుడు మీ కథలో అమ్మానాన్నలున్న భాష సెషన్ బయటే ఉండిపోతోంది. ఈ మాటల వైద్యంలో మొట్టమొదటి పేషెంట్‌గా చెప్పుకునే బెర్తా పాపెన్‌హైమ్‌కు కూడా ఇలాగే జరిగింది. ఫ్రాయిడ్, బ్రోయర్ అనే ఇంకో డాక్టరు కలిసి రాసిన పుస్తకంలో ఆమె పేరు అన్నా ఓ. 1880లో తండ్రికి జబ్బు చేస్తే సేవలు చేస్తూ తనే జబ్బుపడింది. కొంతకాలం సొంత భాష జర్మన్ నోటికి రాకుండా పోయి, ఇంగ్లిష్‌లోనే మాట్లాడింది. టాకింగ్ క్యూర్ అన్న పేరు ఆమె పెట్టిందే, అదీ ఇంగ్లిష్‌లోనే. చెప్పలేని బాధ ఉన్న భాషను వదిలి, మొహమాటం లేని ఇంకో భాషలోకి వెళ్లడం మనసుకు తెలిసిన ఉపాయం. మన సరిహద్దు ఊళ్లలో ఆ ఉపాయం రోజూ చూస్తుంటాను. తెలుగులో నోరు పెగలని ఆడపిల్లలు ఒడియాలో గబగబా చెప్పేస్తారు, కళ్లలో నీళ్లు కూడా రావు. మాటలొస్తాయి గానీ బరువు దిగదు.

కాబట్టి మీ నాన్నగారు అన్న మాటలు ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే, తెలుగులో ఎలా అన్నారో అలాగే చెప్పండి. ఆవిడకు అర్థం కాదన్న చింత వద్దు. ముందు మీరు అన్నది అన్నట్టు అనండి, తర్వాత ఒడియాలో వివరించండి. మీ గొంతు ఎక్కడ మారిందో ఆవిడ పట్టుకుంటారు. పర్లాకిమిడిలో ఉండగానే గిడుగు రామమూర్తి గారు, మనుషులు మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పట్టుపట్టారు. సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాసిందీ ఆయనే. మనిషి మాట్లాడే భాషలోనే ఆ మనిషి ఉంటాడని నమ్మిన ఆయన తిరిగిన నేల మనది.

సవరల పేరెత్తాను కాబట్టి ఇది కూడా చెబుతాను, సలహా ఇవ్వకుండా మాట్లాడుతూ కూర్చోవడం వైద్యమెలా అవుతుందని అడిగే ప్రతివారికీ నేను చెప్పే సంగతి. మీ జిల్లాలోనూ గజపతి జిల్లాలోనూ ఉన్న సవర కొండల్లో, చనిపోయినవాళ్లతో మాట్లాడే ఆచారం తరతరాలుగా ఉంది. పూనకం వచ్చిన మనిషి నోటిగుండా, చాలాసార్లు ఆ మనిషి ఆడదే, చనిపోయినవాళ్లు మాట్లాడతారు. బంధువులు చుట్టూ కూర్చుని ఏడుస్తారు, పోట్లాడతారు, నన్నెందుకు వదిలేసి పోయావని నిలదీస్తారు, వేళాకోళమూ ఆడతారు. ఒక్కసారితో అయిపోదు, ఏళ్ల తరబడి నడుస్తుంది. మొదట్లో బతికున్నవాళ్లకు తన జబ్బునే అంటించే ఆ చనిపోయిన మనిషి, మాట్లాడగా మాట్లాడగా మెల్లగా చల్లబడి, చివరికి పుట్టే బిడ్డకు తన పేరిచ్చే పెద్దగా మారతాడు. 1970ల నుంచి సవరల మధ్య ఉండి ఇదంతా రాసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ, దీన్ని దుఃఖం మీద ఫ్రాయిడ్ 1917లో రాసిన వ్యాసంతో పోల్చి చూశారు. క్రైస్తవంలోకి వెళ్లిన కొత్త తరంలో ఈ సంభాషణలు తగ్గిపోయాయి. నేను పూనకాన్ని వైద్యమని చెప్పడం లేదు. ఆ సంభాషణలో సలహా ఎవరూ ఎవరికీ ఇవ్వరు. సంబంధం మారుతుంది, దాంతో బాధ మారుతుంది. మీ నాన్నగారు బతికే ఉన్నారు, అయినా మీలోపల ఉన్న ఆ పలకని నాన్నతో మీకు ఇలాంటి పని ఒకటి మిగిలి ఉండొచ్చు.

మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్, లేదంటే పోలీస్ స్టేషన్లో భార్యాభర్తలను కూర్చోబెట్టి సర్దుకుపొమ్మని చెప్పడం. అందుకే సలహా రాకపోతే మోసపోయామనిపిస్తుంది. సలహాలకు మీకు కొరత ఉందా చెప్పండి. పిన్ని ఇస్తుంది, స్టాఫ్‌రూమ్‌లో ఇస్తారు, యూట్యూబ్ ఇస్తుంది.

మీ స్నేహితురాలి విషయంలో సీబీటీ చక్కగా పనిచేసింది, సంతోషం. బస్సు భయం లాంటివాటికి, పానిక్‌కు, చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీకి నేనే ఆ పద్ధతి తెలిసినవాళ్ల దగ్గరికి పంపిస్తాను. సీబీటీకి మూలపురుషుడైన ఆరన్ బెక్ కూడా మనోవిశ్లేషణలో శిక్షణ పొందినవాడే, 1960ల్లో వేరే దారి పట్టాడు. ఇంకో పక్క, 2010లో జొనథన్ షెడ్లర్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను సమీక్షించి, మనోవిశ్లేషణ నుంచి వచ్చిన థెరపీల ఫలితం మిగతావాటికి తీసిపోదనీ, థెరపీ ఆగాక కూడా మెరుగుదల కొనసాగుతుందనీ రాశారు. దాని మీద వాదోపవాదాలు జరిగాయి. ఏ పద్ధతైనా, ఇద్దరి మధ్య నమ్మకం ఎంత గట్టిగా ఉంటే ఫలితం అంత బాగుంటుందన్నది మాత్రం పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనిపించిన విషయం. మీ బాధ ఒక భయానికి పరిమితమైంది కాదు, మనుషుల దగ్గరికి వెళ్లినప్పుడల్లా వచ్చేది. అందుకని 8 సెషన్ల కొలత మీకు సరిపోదనుకుంటున్నాను.

అలాగని నెమ్మదిగా సాగే ప్రతి థెరపీ మంచిదని నేననను. ఏళ్లు గడిపి డబ్బు గుంజేవాళ్లూ ఈ వృత్తిలో ఉన్నారు. మీకు కోపమొచ్చిందని చెబితే ఆవిడ ఏం చేస్తారో చూడండి. ఆసక్తిగా అడిగితే, తన వైపు తప్పుంటే ఒప్పుకుంటే, అక్కడ ఉండండి. చిన్నబుచ్చుకుంటే, లేదా "ఇది మీ నాన్న మీద కోపమే, నాకు సంబంధం లేదు" అని మొత్తం మీ మీదికే నెట్టేస్తే, ఇంకోసారి చెప్పి చూడండి. అప్పుడూ అంతే అయితే మారిపోండి. సెలవు గురించి ముందుగా చెప్పారా, ఎన్నాళ్లో చెప్పారా అన్నది కూడా అడగండి. చెప్పకుండా వెళ్లి ఉంటే మీ కోపంలో న్యాయముంది, దాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అని కొట్టేయడానికి వీల్లేదు. రాత్రిళ్లు వాట్సాప్‌లో సొంత కష్టాలు చెప్పుకునేవాళ్లు, అప్పు అడిగేవాళ్లు, బయట కలుద్దామనేవాళ్లు, ముట్టుకునేవాళ్లు తారసపడితే మాత్రం రెండో అవకాశం ఇవ్వకండి, ఆ రోజే ఆపేయండి. క్లినికల్ సైకాలజిస్ట్‌నని చెప్పుకునేవారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మీరు చెప్పినవి గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది.

ఇంకొకటి, ఇది మాత్రం ఆలస్యం చేయకూడనిది. ఇంకా ఏడుస్తూనే ఉన్నానని రాశారు. నిద్ర బాగా తగ్గినా, తిండి సయించకపోయినా, చచ్చిపోతే బాగుండునని ఒక్కసారైనా అనిపించినా, వచ్చే సెషన్ దాకా ఆగకుండా సైకియాట్రిస్ట్‌ను కలవండి. మీకు కోరాపుట్ మెడికల్ కాలేజీ ఉంది, రైలెక్కితే విశాఖ ఉంది, ఇటు బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. మందులు వాడుతూ థెరపీ కొనసాగించవచ్చు, ఒకదానికొకటి అడ్డు కాదు. అర్ధరాత్రి అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

వచ్చే సెషన్ గురువారం అన్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని కూడా అన్నారు. నా దగ్గర ఇలా ఇరుక్కున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే, పెద్ద ఉపన్యాసం తయారు చేసుకోవద్దు. వీడియో కలవగానే, ఆవిడ ఎలా ఉన్నారని అడగకముందే, ఈ నాలుగు ముక్కలు అనేయండి: "మీరు సెలవు పెట్టినప్పుడు నాకు కోపమొచ్చింది. మీరు మాట్లాడకుండా ఉంటే నాకు భయమేస్తుంది. చెప్పకుండా మానేద్దామనుకున్నాను." నోటితో అనలేకపోతే కాగితం మీద రాసుకుని చదవండి, చాలామంది అలాగే చేశారు. తర్వాత వచ్చే మౌనం కాస్త పొడుగ్గా ఉండొచ్చు. ఫోన్ కట్ చేయకండి, తెర మీద ఆవిడ మొహం వైపు చూస్తూ ఉండండి. ఈసారి ఆ మొహంలో ఏం కదిలిందో వీలైతే రాయండి, మిగతాది అది చదివాక మాట్లాడుకుందాం.